సొరచేపల జాబితాలో ఏడో వరుస

ఆ శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి ఈతకొలను పక్క గదిలో ఉన్నవి: పద్నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, రెండు కిలోలు ఎక్కువ చూపించే బరువు మిషన్, టీ ఫ్లాస్కు, నారింజ రంగు రబ్బరు టోపీలున్న అట్టపెట్టె, ప్లాస్టర్ టేపు చుట్ట ఒకటి, నేను తయారుచేసి లామినేట్ చేయించిన కాగితం ఒకటి. ఉన్నవాళ్ళు: సముద్రం ఈతకి పేరిచ్చిన పదకొండు మంది మగవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు, కోచ్, క్లబ్ సెక్రటరీ, వైద్య పరీక్ష కోసం పిలిపించిన పళ్ళ డాక్టరు, నేను. మొత్తం పంతొమ్మిది మంది. కుర్చీలు చాలక అయిదుగురు నిలబడ్డారు. ఆ అయిదుగురిలో మా అక్క ఉంది.

ఆ గదికి సముద్రం బస్సులో ఒక రాత్రి ప్రయాణం దూరం. సొరచేపలు అంతకంటే దూరం. అయినా ఆ సాయంత్రం అక్కడ జరిగిన నిర్ణయాలన్నీ సొరచేపల పేరు మీదే జరిగాయి. ఆ పేరు గదిలోకి తెచ్చింది నేను.

మా అక్క బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో చెకింగ్‌లో పనిచేస్తుంది. లైను చివర నిలబడి, కుట్టి వచ్చిన ప్రతి చొక్కానూ తిరగేసి మరగేసి చూస్తుంది. కుట్టు జారిన చోట చిన్న ఎర్ర స్టిక్కరు అంటిస్తుంది. కుట్టినవాళ్ళు బతిమాలినా, సూపర్‌వైజరు కళ్ళెర్ర చేసినా ఆ స్టిక్కరు తీయదు. పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే: ఉన్నది ఉన్నట్టు చెప్పడం.

మాది హిందూపురం అవతల, కర్ణాటక సరిహద్దుని ఆనుకుని ఉన్న పల్లె. మా చేని బావిలో అక్క ఆరేళ్ళకే ఈత నేర్చింది. నడుముకి బెండ్లు కట్టుకుని వారం, బెండ్లు లేకుండా మరో వారం, ఆ తర్వాత బావి ఆమెది. ఊళ్ళో సగం మంది ఆడపిల్లలకి ఆమే నేర్పింది. నాకు మాత్రం రాలేదు. నేను గట్టున కూర్చుని మెట్లు లెక్కపెట్టేవాణ్ణి. ఆ బావికి నలభై రెండు మెట్లు.

బెంగళూరు వచ్చాక పదేళ్ళు ఆమె నీళ్ళు ముట్టలేదు. తర్వాత ఆదివారాలు ఆడవాళ్ళకి విడిగా బ్యాచ్ పెట్టిన ఈ కొలను సంగతి ఎవరో చెప్పారు. వెళ్ళింది. మూడో ఆదివారం కోచ్ ఆమెని గట్టు మీది నుంచి చూసి, ఈల నోట్లోంచి తీసి, నాతో అన్నాడు: "మీ అక్కకి ఎవరు నేర్పించినారు? ఆ చెయ్యి చూడు, నీళ్ళు కదలడం లేదు." ఆయన కన్నడ మనిషే కానీ తెలుగు బాగా మాట్లాడతాడు. ఆ రోజే మాట ఇచ్చాడు. ఏటా క్లబ్ వాళ్ళు పడమటి తీరానికి వెళ్ళి సముద్రంలో రెండు కిలోమీటర్లు ఈదుతారు. వచ్చే ఏడాది ఆడవాళ్ళలో అందరికంటే ముందు అది పూర్తిచేసి సర్టిఫికేట్ తెచ్చుకున్నవాళ్ళని ఆడవాళ్ళ బ్యాచ్‌కి అసిస్టెంట్ కోచ్‌గా పెట్టుకుంటాడు. రోజూ పని. కొలను పక్కన పని. ఎర్ర స్టిక్కర్లు లేని పని. అక్క ఆ మాట ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పింది. ఆమె ఏ మాటా రెండుసార్లు చెప్పే మనిషి కాదు.

ఏడాదిన్నర సాధన చేసింది. పొద్దున అయిదున్నరకి కొలను, ఎనిమిదిన్నరకి ఫ్యాక్టరీ. రెండు కిలోమీటర్లు ఆమెకి యాభై రెండు నిమిషాలు పట్టేది. పేరిచ్చిన నలుగురు ఆడవాళ్ళలో అదే తక్కువ సమయం. ఈ అంకెలన్నీ నా దగ్గర ఉన్నాయి, గట్టున కూర్చుని స్టాప్‌వాచ్ నొక్కింది నేనే కాబట్టి.

ఇక నా పని సంగతి. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో యంత్రాల భద్రత పరీక్షిస్తాను. ఫలానా ప్రెస్సులో మనిషి చెయ్యి ఎక్కడ ఇరుక్కోవచ్చు, ఇరుక్కోకుండా ఏం చేయాలి అని పట్టికలు రాయడం నా ఉద్యోగం. ఆ సంగతి తెలిసి సెక్రటరీ నన్ను పట్టుకున్నాడు. ఆయన రిటైరైన పెద్దమనిషి, మూడు తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం.

"నువ్వు సేఫ్టీ ఇంజనీరు కదప్పా. ఇంట్లోవాళ్ళు షార్కులు ఉంటాయేమో అని భయపడతా ఉండారు. ఒక లిస్టు చేసియ్యి. లామినేట్ చేసి గోడకి పెడదాం. చూసినవాళ్ళకి ధైర్యంగా ఉంటాది."

చూసినవాళ్ళకి ధైర్యం కోసం అని ఆయన అన్నప్పుడే నేను ఆగాల్సింది. ఆగలేదు. ఎవరైనా పట్టిక అడిగితే నా చేతులు ఆగవు. రెండు సాయంత్రాలు కూర్చుని ఇంటర్నెట్‌లో పది పేజీలు చదివాను. ఒక్కో సలహా ఎన్ని పేజీల్లో ఉందో గీతలు పెట్టుకున్నాను. చివరికి పన్నెండు వరుసలు తేలాయి. జంటలుగా ఈదాలి. వెలుగు సరిగ్గా లేనప్పుడు దిగకూడదు. చేపల పడవల దగ్గరికి పోకూడదు. ఏరు వచ్చి కలిసే చోట, నీళ్ళు బురదగా ఉన్న చోట వద్దు. పక్షులు గుంపుగా నీళ్ళలోకి దూకే చోట వద్దు. ఆరోది, మెరిసే నగలు వద్దు. ఏడోది, రక్తం: మానని గాయం ఉన్నవాళ్ళు, నెలసరిలో ఉన్నవాళ్ళు దిగకూడదు. ఎనిమిదోది, కొట్టొచ్చినట్టు కనపడే రంగులు వద్దు. తినే వస్తువులు నీళ్ళలో వేయొద్దు. కాళ్ళూ చేతులూ అదేపనిగా తపతప కొట్టొద్దు. కుక్కల్ని తేవొద్దు. పన్నెండోది, గట్టున కాపలా మనిషి ఉన్నప్పుడే దిగాలి.

ఏడో వరుసలో రెండో సగం గురించి ఒక పేజీ స్పష్టంగా చెప్పింది: నెలసరి వల్ల సొరచేప మీదికొస్తుందనడానికి ఆధారం లేదు అని. అది చదివాను. చదివినట్టు నా నోట్సులో గుర్తు కూడా ఉంది. అయినా వరుస ఉంచాను. మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. తీసేసిన వరుసకి రేపు సంజాయిషీ చెప్పుకోవాలి. ఉంచిన వరుసని ఎవరూ ఏమీ అడగరు. ఆ అలవాటు కొద్దీ ఉంచాను. కింద సంతకం చేసి, వెర్షన్ ఒకటి అని రాసి, లామినేట్ చేయించి ఇచ్చాను. ఈత రాని మనిషి ఈదేవాళ్ళకి రాసిన నియమాలు అవి.

సెక్రటరీ ఆ పన్నెండిట్లోంచి ప్రశ్నలు తీసి ఒక ఫారం అచ్చు వేయించాడు. అది నాకు శుక్రవారం దాకా తెలియదు.

అందరూ నింపి ఇచ్చిన ఫారాలు ముందు పెట్టుకుని పళ్ళ డాక్టరు ఒక్కో ప్రశ్న పైకి చదువుతున్నాడు. ఆరో వరుస వచ్చింది. ఆయన తలెత్తి అక్క మెడ వైపు చూశాడు.

"తాళి తీసేస్తారామ్మా?"

అక్క నోరు విప్పేలోపే సెక్రటరీ అందుకున్నాడు. "తాళి ఎట్ల తీస్తాది డాక్టరే? అది సెంటిమెంటు. టేపు పెట్టి అంటించుకుంటే సరిపోతాది. షార్కుకి ఏం కనపడతాది?"

కుర్చీలో ఉన్న ఒకతను చెయ్యెత్తాడు. "మరి నా ఉంగరం సార్? నీలం రాయి. శని పోయేదాకా తీయొద్దన్నారు."

"నువ్వూ టేపు వేసుకో."

మరొకతనికి మెళ్ళో గొలుసు, ఇంకొకతనికి చేతికి రాగి కడియం. టేపు చుట్ట చేతులు మారింది.

"సార్, అందరం ఇంత టేపు చుట్టుకుంటే, ఈదేదానికి చేతులు మిగల్తాయా?" అంది అక్క. గదంతా నవ్వింది. సెక్రటరీ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఏడో వరుస. ముందు గాయాలు. వారం కిందట బైకు జారి మోచెయ్యి చెక్కుకుపోయిన కుర్రాడొకడు ఉన్నాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. "పైన పొర కట్టింది సార్. తడిస్తే కొంచెం కారుద్ది, అంతే."

"వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేసుకో," అన్నాడు డాక్టరు. పళ్ళ డాక్టరు.

తర్వాత ఆయన ఆడవాళ్ళ నాలుగు ఫారాలు వేళ్ళతో విడదీసి చూశాడు. "ఒకరు అవును అని రాశారు," అన్నాడు. పేరు చెప్పలేదు. చూపు మాత్రం అటే పోయింది.

"నేనే సార్," అంది అక్క. "ఈరోజు పొద్దున వచ్చింది. ఆదివారానికి మూడో రోజు."

పదకొండు మంది మగవాళ్ళు పదకొండు చోట్ల చూశారు. సెక్రటరీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అట్లయితే ఈసారికి వద్దులేమ్మా. మళ్ళీ ఏడాది ఉండాది కదా."

"ఎందుకు సార్?"

"అదిగో, రూలు ఉండాది కదమ్మా. షార్కులకి రక్తం వాసన శానా దూరం తెలుస్తాదంట. మీ తమ్ముడే రాసినాడు."

"దానికి వాడేవి ఉండాయి సార్. ఏడాదిన్నర నుంచి నెలనెలా ఇదే కొలనులో ఈదతా ఉండాను. మీ నీళ్ళు ఎప్పుడన్నా రంగు మారినాయా?"

ఇద్దరు ముగ్గురు కిటికీలోంచి కొలను వైపు చూశారు, చూడకుండా ఉండలేక.

"ఇదేం మాటమ్మా, ఇంతమంది మగోళ్ళ ముందర."

"మగోళ్ళ ముందర అడిగింది మీరు సార్. నేను కాగితంలో రాసినా, అంతే."

అప్పుడు నేను ముందుకొచ్చాను. ఏడో వరుస రెండో సగానికి ఆధారం లేదనీ, రాయడం నాదే పొరపాటనీ, ఇప్పుడే కొట్టేసి వెర్షన్ రెండు ఇస్తాననీ చెప్పాను. జేబులోంచి పెన్ను తీశాను. సెక్రటరీ కాగితం తన వైపు లాక్కున్నాడు. అయినా లామినేషన్ మీద పెన్ను రాయదు. ఆ సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు.

"ఆధారం లేకుండానే రాసినావా?"

"పది పేజీల్లో ఆరింట్లో ఉంది సార్. కానీ ఆధారం..."

"ఆరింట్లో ఉండాది కదా. మరి ఇప్పుడు మీ అక్కకి అడ్డం వచ్చిందని తీసేస్తావా? వేరేవాళ్ళ అక్క అయితే తీసేస్తావా? సంతకం చేసినావు కదప్పా. రూలంటే అందరికీ ఒకటే."

అందరికీ ఒకటే అని అంటున్నప్పుడు ఆయన పక్కనున్నతను నీలం ఉంగరానికి టేపు చుట్టుకుంటున్నాడు. నేను వేలు పెట్టి చూపించాను. "అది స్వల్ప అడ్జస్ట్‌మెంటు. ఇది వేరే," అన్నాడాయన. ఎట్లా వేరో అడిగాను. ఆయనకి విసుగొచ్చింది. విసుగులో అసలు మాట బయటపడింది.

"షార్కు సంగతి అట్లుండనీ. దిగేముందర గంగమ్మకి పూజ చేస్తాము. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి దిగేది. మీ అక్కకి తెలియదా? ఆయమ్మ నీళ్ళలోకి ఎట్ల దిగతాది?"

అక్క ఆయన వైపు తిరిగింది. గొంతు పెరగలేదు. "మా బావిలో కూడా గంగమ్మనే సార్ ఉండేది. పదమూడేళ్ళప్పటి నుంచి అన్ని రోజులూ దిగినా. ఆయమ్మ నన్నేమీ అనలా. మీకేం చెప్పిందో నాకు తెలీదు."

కోచ్ ఆ సేపంతా గోడకి ఆనుకుని, మెళ్ళో స్టాప్‌వాచ్ తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. అక్క ఆయన వైపు చూసింది. నేనూ చూశాను. నీళ్ళు కదలని ఆ చేతిని మొదట చూసిన మనిషి. ఒక్క మాట చాలు. ఆయన తాడు ఇంకో చుట్టు చుట్టాడు.

అక్క తన టోపీ పెట్టెలో పెట్టేసి బయటికొచ్చింది. గేటు దగ్గర ఆడవాళ్ళలో ఒకామె, నర్సింగ్ చదువు మానేసి చిన్న క్లినిక్‌లో పనిచేసే అమ్మాయి, వెనకాలే పరిగెత్తుకొచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. "ఎందుకక్కా అవును అని రాశావు? అలాంటి ఫారాల్లో ఎవరైనా నిజం రాస్తారా?"

"అడిగినారు కదమ్మా, రాసినా," అంది అక్క.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. హోసూరు రోడ్డు మీద ట్రాఫిక్ అంగుళం కదలడం లేదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఫిర్యాదు రాస్తానన్నాను, ఆధారాలు ప్రింట్ తీస్తానన్నాను, సెక్రటరీని, కోచ్‌ని, పళ్ళ డాక్టరుని వరసగా తిట్టాను. బొమ్మనహళ్ళి సిగ్నల్ దగ్గర అక్క నన్ను ఆపింది.

"ఆ ఏడోది రాసేటప్పుడు నేను గుర్తుకొచ్చినానా?"

"లేదు."

"మరి ఎవరు గుర్తుకొచ్చినారు?"

ఆలోచించాను. నిజం చెప్పాలి కాబట్టి చెప్పాను. "ఎవరూ లేరు."

"సరే," అంది.

ఇంట్లో బావ ఆమె ప్రయాణం సంచీ సర్ది తలుపు పక్కన పెట్టి ఉంచాడు. ఆయన టెంపో నడుపుతాడు, మాటలు తక్కువ. సంగతి విని, సంచీలోంచి తువ్వాలు తీసి దండెం మీద వేశాడు. నేను క్లబ్ వాళ్ళతో వెళ్ళనని చెప్పాను. వలంటీరుగా నా పేరు ఉంది, కొట్టేయించుకుంటానన్నాను.

"పో," అంది అక్క. "నువ్వు రాసిన లిస్టు కదా. ఎంతమంది పాటించినారో చూసి రాసుకొని రా. మా దగ్గర అట్లనే చేస్తాం. చెకింగ్ అయిపోయి డబ్బాలకెక్కించినాక కూడా పది డబ్బాలు విప్పి చూస్తాం. పాసైన సరుకు నిజంగా పాసయిందా అని."

వెళ్ళాను. పన్నెండు గళ్ళున్న కాగితం ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళాను.

ఆదివారం. మధ్యాహ్నానికల్లా బస్సు తిరుగుముఖం పట్టాలని సెక్రటరీ పట్టుబట్టడంతో తూరుపు తెల్లబడకముందే అందరినీ ఒడ్డుకి చేర్చారు. పడవ మీద టార్చిలైటు వెలిగించుకోవాల్సిన చీకటి. రెండో గడిలో సున్నా పెట్టాను. బస్సు ఆపడానికి వీలైన చోటు ఏరు సముద్రంలో కలిసే మలుపు ఒక్కటే. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. కాపలా మనిషి కూర్చునే ఎత్తుపీట ఖాళీగా ఉంది, డ్యూటీ ఎనిమిదింటి నుంచి అని దాని మీదే రాసి ఉంది. నారింజ టోపీలు ఆ మసక వెలుగులో కూడా కిలోమీటరు దూరం కనిపించేట్టున్నాయి. పడవలకి కనపడాలంటే అట్లాగే ఉండాలి, అది నాకూ తెలుసు. నా ఎనిమిదో వరుస మంచి సలహా కాదని అక్కడ నిలబడ్డాక అర్థమైంది. దానికీ సున్నా పెట్టాను.

గంగమ్మ పూజ జరిగింది. కొబ్బరికాయలు మూడు, అరటిపళ్ళు రెండు డజన్లు, పెద్ద పొట్లం బొరుగులు. అన్నీ నీళ్ళలోకి విసిరారు. తినే వస్తువులు వేయొద్దని రాసిన కాగితం సెక్రటరీ చంకలోనే ఉంది. హారతి కళ్ళకద్దుకుని ఆయన అందరినీ లెక్కపెట్టాడు. పద్నాలుగు మంది.

"చూసినారా, సరిగ్గా ఏడు జంటలు. నిన్నటిదాకా పదహైదు, ఒకరు మిగిలిపోతా ఉండ్రి. అన్నీ మన మంచికే."

మా అక్క లేకపోవడం వల్ల లెక్క సరిపోయింది. జీవితంలో నాకు సరిసంఖ్య మీద కోపమొచ్చింది ఆ ఒక్కసారే. ఆ ఏడు జంటలు మొదటి యాభై మీటర్లకే చెల్లాచెదురయ్యాయి. చేతులు తపతప కొట్టిన వాళ్ళు నలుగురు. ఒడ్డున ఉండే కుక్క ఒకటి వాళ్ళ వెనకే దిగి చాలా దూరం ఈదింది. అందరిలోకీ బాగా ఈదింది అదే.

నేను రక్షణ పడవలో ఉన్నాను. రక్షణ పడవ అంటే చేపల పడవే. వల అందులోనే ఉంది, రాత్రి మిగిలిన చిన్నచేపలు గంపలో ఉన్నాయి. పడవవాడు వాటిని దోసిళ్ళతో తీసి నీళ్ళలోకి పారేస్తుంటే గద్దలూ సముద్రపు కాకులూ వచ్చి మా చుట్టూ నీళ్ళలోకి దూకుతున్నాయి. ఆ పక్షుల కిందే నారింజ టోపీలు. మూడో గడి, అయిదో గడి. సున్నా, సున్నా.

ఇక్కడ షార్కులు ఉంటాయా అని పడవవాణ్ణి కన్నడంలో అడిగాను. అతను మోచెయ్యి నుంచి వేళ్ళ దాకా చూపించాడు. "ఇంతవి పడతాయి. మావాళ్ళు బాలింతలకి పెడతారు. నా పెళ్ళాం కాన్పయినాక నెల రోజులు దాని పులుసే తిన్నది. పాలు బాగా పడతాయి." తర్వాత నవ్వుతూ నన్ను చూశాడు. "నువ్వు భయపడతావా దానికి? అది మా ఆడవాళ్ళని చూసి భయపడాలి."

నేను నవ్వలేదు. ఆ పూట నేను నవ్వే స్థితిలో లేను. రక్తం పోతున్న ఆడదాన్ని దేని నుంచి కాపాడుతున్నామని మా క్లబ్బు చెప్పిందో, దాన్నే ఈ ఒడ్డున రక్తం పోతున్న ఆడదానికి వండి పెడుతున్నారు.

తిరుగు దారిలో పడవ పక్కనుంచి లేతరంగు పట్టీ ఒకటి తేలుతూ పోయింది. వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్. ఇంకాస్త ముందు మోచెయ్యి చెక్కుకుపోయిన కుర్రాడు ఈదుతున్నాడు. ఒడ్డుకొచ్చాక అతని చెయ్యి ఎర్రగా కారుతోంది. అందరూ చప్పట్లు కొట్టారు. నీలం ఉంగరం మీది టేపు కూడా ఊడిపోయి రాయి మెరుస్తోంది, ఆరో గడిలో సున్నా. ఏడో గడికి మధ్యలో గీత గీసి మొదటి సగంలో సున్నా పెట్టాను. రెండో సగంలో ఏమీ రాయలేదు.

ఆడవాళ్ళు ముగ్గురూ పూర్తిచేశారు. అందరికంటే ముందు వచ్చింది క్లినిక్‌లో పనిచేసే అమ్మాయి, గంటా ఆరు నిమిషాలు. అసిస్టెంట్ కోచ్ పని ఆమెకే వచ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు.

సోమవారం సాయంత్రం ఆమె అక్కకి ఫోన్ చేసింది. అక్క వింటూ వింటూ నా వైపు చూసింది. ఫోన్ పెట్టేసింది.

"ఆ పిల్లకి కూడా వచ్చిందంట. శనివారమే. రెండో రోజు అంతదూరం ఈదింది. చెప్పకుండా ఉండలేకపోయినా అక్కా అని ఏడస్తా ఉండాది."

నేను లేచి నిలబడ్డాను. నాకు కావాల్సిన రుజువు అది. సిద్ధాంతం కాదు, ఇంటర్నెట్ పేజీ కాదు. అదే సముద్రం, అదే పొద్దు, రెండు కిలోమీటర్లు, ఒక మనిషి, ఏమీ కాలేదు. ఆ ఒక్క వాక్యం రాస్తే సెక్రటరీ నోరు మూతపడుతుంది.

"రాయొద్దు," అంది అక్క.

"నీకు జరిగింది న్యాయమా?"

"నాది పోయింది. అది రాస్తే ఆ పిల్లది కూడా పోతాది. అప్పుడు ఇద్దరం అయితాము. లెక్క బాగుంటాదా?"

నేను వాదించాను. దాచినవాళ్ళకి పని, నిజం రాసినవాళ్ళకి ఇల్లు అన్నాను. అక్క అదంతా విని, "నేను నీ మీద అంటించాల్సిన స్టిక్కరు ఒకటి ఉండాది, ఎక్కడ అంటించాలో తెలీక ఆగినా," అని లోపలికి వెళ్ళిపోయింది. నవ్వుతూ అనలేదు.

బుధవారం నా నివేదిక తీసుకుని సెక్రటరీ దగ్గరికెళ్ళాను. పన్నెండు వరుసలు, ఒక్కోదాని ఎదుట చూసింది, చూసిన సమయం. ఏడో వరుస రెండో సగానికి ఎదురుగా 'అమలైంది' అని రాయాల్సి వచ్చింది. అది అబద్ధమని తెలిసి రాశాను. నా ఉద్యోగ జీవితంలో నేను సంతకం పెట్టిన మొదటి అబద్ధం అది. మొత్తం కింద: పన్నెండుకి అర. వెనక వెర్షన్ రెండు జతచేశాను. ఏడో వరుసలో నెలసరి మాట లేదు, ఎనిమిదో వరుస లేదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివాడు. చదివినందుకు మాత్రం ఒప్పుకోవాలి.

"బాగా కష్టపడినావప్పా. కానీ ఒకటి చెప్పు. పోయినోళ్ళు అందరూ క్షేమంగా వచ్చినారు కదా?"

"వచ్చారు."

"అంటే నీ లిస్టు పనిచేసినట్టే కదా. ఇంక దాన్ని మార్చేది ఎందుకు?"

నివేదికని మడిచి బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. ఆయన్ని కొట్టాలనిపించింది. కొట్టలేదు. నేను కొట్టాల్సిన మనిషి అంతకంటే దగ్గర్లోనే ఉన్నాడని, అతను సంతకం అందంగా పెడతాడని నాకు తెలుసు.

ఇది జరిగి రెండేళ్ళవుతోంది. ఆ అమ్మాయి పెళ్ళయి మైసూరు వెళ్ళిపోయింది, ఆ కొలనులో ఇప్పుడు లేదు. ఆమె వెళ్ళాక కోచ్ మళ్ళీ అక్కని పిలుస్తాడేమో అని నేను చూశాను. పిలవలేదు. మరో క్లబ్బు నుంచి ఎవరినో తెచ్చుకున్నాడు. సంగతి అక్కతో చెప్పి, ఇప్పుడు ఇదంతా రాయనా అని అడిగాను. "రాసుకో," అంది, చొక్కా బొత్తాం కుట్టుకుంటూ. ఆమె ఇప్పటికీ అదే ఫ్యాక్టరీలో, అదే లైను చివర ఉంది. ఆదివారాలు టికెట్ కొనుక్కుని కొలనుకి వెళ్తుంది. సముద్రం ఈతకి మళ్ళీ పేరివ్వలేదు. ఫారం మారలేదు కాబట్టి ఇవ్వనంది. అబద్ధం రాయదు.

గదిలో గోడ మీద వెర్షన్ ఒకటి అట్లాగే ఉంది. లామినేషన్ కదా, చెక్కుచెదరలేదు. కింద నా సంతకం కనిపిస్తూనే ఉంది. నా దగ్గరున్న కాపీలో మాత్రం ఆ అర కొట్టేశాను.

నియమాలు పన్నెండు. పాటించినవి సున్నా. ఆపింది ఒక మనిషిని.